బందెలదొడ్డిలో సంచులు

కరోనా పోయిన తర్వాత రెండో ఎండాకాలంలో నన్ను మేస్త్రీగా వేశారు. కడప జిల్లాలో ఒక చిన్న మున్సిపాలిటీ అది. ఊరి పేరు ఇక్కడ అవసరం లేదు. వీధులు ఊడ్చేవాళ్ళనూ కాలువలు తీసేవాళ్ళనూ కలిపి పారిశుద్ధ్య కార్మికులు అంటారు. ఇరవై, ముప్పై మందికి ఒక మేస్త్రీ ఉంటారు. మేస్త్రీల మీద శానిటరీ ఇన్‌స్పెక్టరు, ఆయన మీద కమిషనరు. తెల్లవారుజామున మస్టరు తీసుకోవడం, అంటే వచ్చినవాళ్ళ హాజరు చూసి ఎవరు ఏ వీధికి పోవాలో చెప్పడం, మేస్త్రీ మొదటి పని. నాకు అంకెలు వచ్చు. శాంతమ్మ అని నా పేరు రాయడం వచ్చు. అంతకు మించి రాదు. ఇదంతా నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది. మాటలు చదవడానికి వీలుగా సరిచేస్తానంది. చెయ్యి, కానీ జరిగిన సంగతి మాత్రం మార్చొద్దు అన్నాను.

మున్సిపాలిటీలో ఉద్యోగం మొదట మా ఆయనది. పేరు దేవదానం. కాలువల గ్యాంగులో ఉండేవాడు. మా బజారు వీధి కింద పాతకాలపు మోరీ ఒకటి ఉంది. ఊళ్ళో సగం కాలువలు దాంట్లో పడి, అది ఊరి బయట వంకలో కలుస్తుంది. మనిషి వంగి నడిచేంత ఎత్తు ఉంటుంది. ఒక వానాకాలం అది పూడుకుపోయి నీళ్ళు అంగళ్ళలోకి ఎక్కితే ఆయనను లోపలికి దించారు. మనిషిని దించకూడదని రూలు ఉంది. ఆ సంగతి దించినవాళ్ళకూ తెలుసు, దిగినవాడికీ తెలుసు. లోపల అడ్డం ఒక్కసారిగా విడిచింది. ఆయన వంక దగ్గర తేలాడు. ముఖానికి పలచటి సంచి ఒకటి అంటుకుని ఉంది. దాని కింద కళ్ళు, మీసం, తెరిచిన నోరు అన్నీ కనిపిస్తున్నాయి. నేను పోయి తీసేదాకా ఆ సంచి మీద ఎవరూ చెయ్యి వేయలేదు. ఆ తర్వాత కారుణ్య నియామకం కింద ఆయన ఉద్యోగం నాకు ఇచ్చి, వీధులు ఊడ్చే పనిలో వేశారు.

ఇక్కడ మా పనిలోని ఒక సంగతి చెప్పాలి. మోరీ పూడితే ముందు పైనుంచి కొక్కెం వేసి లాగుతాం. పొడుగాటి ఇనుప కడ్డీ, కొస వంచి ఉంటుంది. మందంగా ఉండే సంచి కొక్కేనికి తగిలితే చిరగకుండా ముద్దగా వచ్చేస్తుంది. పలచటిది అట్లా రాదు. ముక్క చిరిగి కొక్కేనికి వస్తుంది, మిగిలింది గోడకే కరుచుకుంటుంది. దాని మీద ఇంకొకటి, దాని మీద బురద, మళ్ళీ ఇంకొకటి. అది చేత్తో గీకితే తప్ప ఊడదు. మనిషి దిగాల్సి వచ్చేది ఆ పలచటి సంచుల కోసమే. మా ఆయన పోయాక గ్యాంగులో ఆ చోటికి వచ్చినవాడు ఓబులేసు. మంగంపేట గనుల్లో పని మానేసి వచ్చాడు. సన్నగా ఉంటాడు, సందుల్లో పడతాడు. మళ్ళీ దిగాల్సి వస్తే దిగేది అతనే. ఆ సంగతి గ్యాంగులో ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు.

నన్ను మేస్త్రీగా వేసిన నెలలోనే మా కౌన్సిల్ ఒక తీర్మానం చేసింది. ఊళ్ళో ప్లాస్టిక్ సంచి ఏ రకమైనా, ఎంత మందమైనా సరే, అమ్మకూడదు, ఇవ్వకూడదు. బట్ట సంచి, కాగితం పొట్లం మాత్రమే వాడాలి. మా ఇన్‌స్పెక్టరు బాషా సారు, నేను, ఇద్దరు కార్మికులు అంగడి అంగడికీ తిరిగాం. దొరికిన సంచులు దొరికినట్టు పట్టుకుని పంచనామా రాశాం. ఏమి తీసుకున్నామో, ఎవరి ఎదుట తీసుకున్నామో రాసే కాగితాన్ని పంచనామా అంటారు. ఎక్కువ సరుకు హోల్‌సేల్ వ్యాపారి నాగరాజు దగ్గర దొరికింది. పాలరంగు సంచులు, నోటి అంచున నీలం గీత.

అవన్నీ పెట్టడానికి ఆఫీసులో చోటు లేక బందెలదొడ్డిలో వేశాం. పూర్వం ఊరి మీద పడి తిరిగే గొడ్లను పట్టి కట్టేసే చోటు అది. నాపరాళ్ళ గోడలు, రేకుల కప్పు, పైన రెండు కిటికీ కంతలు, గోడకు వరసగా ఇనుప కడియాలు. ఏళ్ళ తరబడి అక్కడ గొడ్డును కట్టింది లేదు. తాళంచెవి నా దగ్గర ఉండేది.

రెండు నెలలు తిరక్కుండానే పైనుంచి ఉత్తర్వు వచ్చింది. వ్యాపారుల సంఘం వాళ్ళు పోయి తెచ్చుకున్నారని చెప్పుకున్నారు. బాషా సారు దాన్ని నాకు చదివి వినిపించారు. సంచుల మీద నియమం పెట్టే అధికారం పై ప్రభుత్వానిది. మున్సిపాలిటీ తన తీర్మానంతో అంతకంటే గట్టి నిషేధం పెట్టడానికి లేదు. నూట ఇరవై మైక్రాన్లు, అంతకు పైన మందం ఉన్న సంచులను ఎవరివి వాళ్ళకు తిరిగి ఇవ్వాలి. అంతకు తక్కువవి ముందు మాదిరే నిషేధం, వాటిని మున్సిపాలిటీ ఉంచుకోవచ్చు.

"అంటే మనం చేసిన తీర్మానం యాడికి పోయింది సార్?" అని అడిగాను.

"పోయింది శాంతమ్మా. మనకు మిగిలింది ఈ నూట ఇరవై గీత ఒక్కటే," అన్నారు.

ఆయనకు అదే వారం కర్నూలులో శిక్షణ పడింది. పోయే ముందు మందం కొలిచే గేజి నా చేతికి ఇచ్చారు. గడియారం మాదిరి గుండ్రంగా ఉంటుంది. కింద రెండు పెదవులు ఉంటాయి, వాటి మధ్య పెట్టి వదిలితే ముల్లు తిరుగుతుంది. తమ దగ్గరున్న ప్లాస్టిక్ పట్టీ ముక్క ఒకటి పెట్టి చూపించారు. చీటీ మీద నూట ఇరవై అని పెద్దగా రాసి ఇచ్చారు. ముల్లు ఈ అంకెను తాకినా దాటినా తిరిగి ఇవ్వాల్సిన కుప్ప, తాకకపోతే ఉంచాల్సిన కుప్ప. అంకె చూసి అంకె పోల్చుకోవడం నాకు కష్టం కాదు.

పొద్దున డ్యూటీ అయ్యాక, ఎండ నెత్తికెక్కే వేళకు దొడ్డికి పోయి తలుపు తీసుకుని కూర్చునేదాన్ని. అట్లా మూడు మధ్యాహ్నాలు కూర్చున్నాను. కట్టకు కొన్ని సంచులు తీయడం, ఒక్కొక్కటీ గేజి పెదవుల మధ్య పెట్టడం, ముల్లు చూడడం. మొదటి రోజు కాసేపటికి వెనక నుంచి నమిలే చప్పుడు వచ్చింది. గొడ్డు నెమరు వేసినట్టే ఉంది. నాలుగు నములుళ్ళు, ఒక మింగుడు, కాసేపు నిశ్శబ్దం, మళ్ళీ నాలుగు నములుళ్ళు. లేచి చూశాను. సంచుల కట్టలు తప్ప ఏమీ లేవు. గాలికి సంచులు కదిలితే అట్లా వినిపిస్తోందని అనుకున్నాను. కానీ నేను చెయ్యి ఆపితే ఆ చప్పుడూ ఆగేది. నేను మళ్ళీ సంచి ఎత్తితే మొదలయ్యేది.

నేను ఆదివారం చర్చికి పోయే మనిషిని. దయ్యాలను నమ్మను. అయినా రెండో రోజు నుంచి కట్టల వైపు వీపు పెట్టి కూర్చోలేదు. తలుపు వైపు వీపు పెట్టి కూర్చుంటే ఇంకొకటి జరిగింది. మెడ మీద వేడి ఊపిరి తగిలినట్టయి తిరిగి చూస్తే, గడప బయట మూడు ఆవులు నిలబడి ఉన్నాయి. బజారులో చెత్త మేసి బతికేవి. లోపల నీడ ఉంది, బయట నిప్పులు కురుస్తున్నాయి. అవి నీడలోకి రాలేదు. నా వైపు చూడలేదు. నన్ను దాటి కట్టల వైపే చూస్తున్నాయి. పో పో అని అదిలించినా కదల్లేదు. నేను తాళం వేసేదాకా ఉండి, తర్వాత ఎవరో తోలినట్టు వెళ్ళిపోయాయి.

మూడో రోజు పై కంతలోంచి గాలి కొట్టింది. విప్పిన కట్ట మీది సంచి నెమ్మదిగా నోరు తెరిచి, గాలి మింగి, లేచి కూర్చుంది. తర్వాత దాని కిందిది. వరసగా ఐదారు సంచులు నోళ్ళు తెరుచుకుని నా వైపు తిరిగాయి. గోడకున్న ఇనుప కడియం ఒకటి దానంతట అదే టక్కుమంది. రెండు చేతులతో ఆ సంచులను అణిచి, నోళ్ళు మూసి, మీద రాయి పెట్టాను. మూసిన సంచులనే తీసుకుని కొలవడం ముగించాను. చేతికి పలచగా తగులుతున్నాయి అనిపించింది. ముల్లు మాత్రం నూట ఇరవై దాటుతోంది. చదువురాని చెయ్యికంటే మిషనుకే ఎక్కువ తెలుసునని అనుకున్నాను. నీలం గీత సంచులన్నీ తిరిగి ఇవ్వాల్సిన కుప్పలోకి పోయాయి.

నాగరాజు ఆటో తీసుకుని వచ్చాడు. వస్తూనే ఎకసెక్కం మొదలుపెట్టాడు.

"ఏం మేస్త్రమ్మా, దొడ్లో కట్టేసినావు కదా, నా గొడ్లకు మేత గీత ఏసినావా?"

"నీ గొడ్లు మేసేవి కాదులేప్పా, గొడ్లు మేతతో పాటు మింగేవి," అన్నాను.

అతను నవ్వాడు. ఆఖరి కట్టలోంచి ఒక సంచి తీసి అతని ఎదుటే గేజిలో పెట్టాను, మూసినది మూసినట్టే. అతను ముల్లు వైపు చూడలేదు. నా వేళ్ళ వైపు చూశాడు. "కొలుచు తల్లీ, కొలుచు. శానా బాగా కొలుస్తాండావు," అన్నాడు. ఆ మాట నాకు కొన్నాళ్ళ తర్వాతే అర్థమైంది. సరుకు తిరిగి ఇచ్చినట్టు రాసిన పంచనామా మీద నేను సంతకం చేశాను. సారు కర్నూలు నుంచి వచ్చి దాని కింద తమ సంతకం పెట్టారు.

తొలకరి రోజుల్లో ఒక తెల్లవారుజామున మస్టరు మోరీ దగ్గరే పెట్టుకున్నాం. సన్నటి జల్లు పడుతోంది. మా వైపు జల్లు పడితే జనం సంచి విదిలించి నెత్తికి తొడుక్కుంటారు. ఓబులేసు కూడా అంగడి ముందు పడి ఉన్న సంచి ఒకటి తీసి విదిలించి తొడుక్కున్నాడు. అందరినీ నవ్వించాలని గడ్డం దాకా లాగాడు.

"వదినా, ఎట్లుండా? పెండ్లికొడుకు మాదిరి లేనా?" అన్నాడు.

సంచి కింద అతని కళ్ళు, మీసం, నవ్వుతున్న నోరు అన్నీ కనిపిస్తున్నాయి. ఊపిరి పీల్చినప్పుడల్లా సంచి పెదవులకు అంటుకుని, వదిలినప్పుడు ఉబ్బుతోంది. పక్కనే మోరీ నోరు ఉంది.

"తీయ్ దాన్ని!" అని అరిచాను.

"ఏంది వదినా, యాలాకోళానికి..." అంటూ తీసి, నా ముఖం చూసి ఆగిపోయాడు. అప్పటికి గ్యాంగులో చేరకపోయినా, మా ఆయన తేలిన రోజు వంక దగ్గర నిలబడి చూసినవాళ్ళలో అతనూ ఒకడు.

సంచి చేతిలోకి తీసుకున్నాను. నోటి అంచున నీలం గీత. దొడ్డిలో నేను కొలిచి, మందం ఉందని చెప్పి పంపినదే. ఆ మందం ఉన్న సంచిలోంచి మనిషి ముఖం అంత తేటగా ఎట్లా కనిపిస్తుంది? మూసి పెడితే పాలమాదిరి ఉంది. చెయ్యి లోపలికి పెడితే నా వేళ్ళ గీతలతో సహా కనిపిస్తోంది. అప్పుడు తెలిసింది. సంచికి రెండు వైపులు ఉంటాయి. నేను మూడు రోజులూ రెండు పొరలను కలిపి ఒకటిగా కొలిచాను. నోరు తెరుచుకుని లేచిన సంచులను నేనే అణిచి మూసి కొలిచాను.

మస్టరు ఇంకొకరికి అప్పజెప్పి ఆఫీసుకు పోయాను. బాషా సారు వచ్చాక ఆయన ఎదుటే గేజి పెట్టాను. మూసిన సంచికి ముల్లు నూట ఇరవై దాటింది. కొడవలితో పక్కన కోసి ఒక్క పొర పెట్టాను. ముల్లు సగం దగ్గరే ఆగిపోయింది. ఆయన తలుపు దగ్గరికి వేశారు.

"ఈ మాట ఇంకెవరికన్నా చెప్పినావా?"

"ల్యా సార్."

"చెప్పొద్దు. కాయితం మీద నీ సంతకం ఉండాది, కింద నాది ఉండాది. ఒక్క పొర పెట్టాలని నీకు చెప్పకపోవడం నా తప్పు. బయటపడితే ఇద్దరం పోతాం. నువ్వు మళ్ళా చీపురు పట్టుకోవాల్సి వస్తాది."

"ఆ సంచులు మోరీలోకి పోతాండాయి సార్. ఓబులేసు దిగాల్సి వస్తాది."

"తీర్మానమే రద్దయిపోయినాక మనం ఏం చేయగలం? పట్టుకుంటే వ్యాపారులు మళ్ళా పైకి పోతారు."

"పైవాళ్ళు మనకు గీత ఒక్కటన్నా వదిలినారని మీరే అన్నారు కదా సార్. ఈ సరుకు ఆ గీతకు కిందుండాది. దీన్ని పట్టుకోవద్దని పై ఉత్తర్వు కూడా చెప్పల్యా."

ఆయన గేజి పక్కన పెట్టి, అయితే పద్ధతి ఇదీ అని చెప్పారు. ఒకసారి తిరిగి ఇచ్చిన సరుకును మున్సిపాలిటీ తనంతట తాను మళ్ళీ పట్టుకోవడం కుదరదు. జిల్లా నుంచి అధికారి వచ్చి మళ్ళీ కొలవాలి. అట్లా పిలవాలంటే మొదటి కొలత తప్పని, ఎవరు తప్పు కొలిచారో రాసి పంపాలి. గుమాస్తాను పిలిపించారు. నేను చెప్పింది అతను రాశాడు. చదివి వినిపించమన్నాను. ‘పొరపాటున’ అని ఒక మాట చేర్చాడు. పొరపాటే, కానీ ఎవరిదో రాయి అన్నాను. నా పేరు రాశాక సంతకం చేశాను. సారు తాము చూపించడంలో జరిగిన లోపం కూడా కింద రాయించుకుని సంతకం పెట్టారు.

జిల్లా అధికారి వచ్చిన రోజు నాగరాజు గోడౌను దగ్గర జనం గుమిగూడారు. సరుకులో కొంత అప్పటికే అమ్ముడుపోయింది. ఉన్నది ఉంది.

"మీ మేస్త్రమ్మే కదప్పా కొలిచి ఇచ్చింది! ఇప్పుడు మళ్ళా కొలిస్తే మందం తగ్గుతాదా? ఎండకు ఆరిపోయిందా ఏంది?" అని నాగరాజు జనం వైపు తిరిగి అన్నాడు. జనం నవ్వారు.

"నేనే కొలిచినా. తప్పు కొలిచినా. ఆ మాట రాసిచ్చినా," అన్నాను. "నువ్వు సంచులు అమ్మేవాడివి కదన్నా. దొడ్లో నా వేళ్ళ దిక్కు చూసినావే, అప్పుడు ఎందుకు చెప్పల్యా?"

అధికారి ప్రతి కట్టలోంచి కొన్ని తీసి, వేళ్ళతో నలిపి నోరు విప్పి, ఒక్క పొర గేజిలో పెట్టారు. నీలం గీత సంచి ఒక్కటీ నూట ఇరవైకి చేరలేదు. అవి మళ్ళీ దొడ్డికి వచ్చి, అక్కడి నుంచి సిమెంటు ఫ్యాక్టరీ బట్టీలో కాల్చడానికి ఎర్రగుంట్ల వైపు లారీలో పోయాయి. అంగళ్ళలో మందం సంచులు మాత్రం మామూలుగానే వేలాడుతూ ఉండిపోయాయి. వాటి మీద మాకు అధికారం లేదు.

నన్ను మేస్త్రీ బాధ్యత నుంచి తప్పించారు. సారుకు మెమో వచ్చింది. మళ్ళీ చీపురు పట్టుకున్నాను. పదవీ విరమణ దాకా అదే పని.

ఆ ఏడు పెద్ద వాన పడిన సాయంత్రం మోరీ పూడింది. నీళ్ళు అంగళ్ళ మెట్లెక్కాయి. ఓబులేసు, ఇంకో ఇద్దరు కొక్కెం వేసి లాగుతున్నారు. నేను పక్కన పార పట్టుకుని నిలబడ్డాను. మందం సంచులు ముద్దలు ముద్దలుగా వస్తున్నాయి. వాటితో పాటు కొన్ని పలచటి ముక్కలు, వాటిలో కొన్నిటికి నీలం గీత. మళ్ళీ పట్టుకునే లోపల అమ్ముడుపోయినవి అవి. ఎంత లాగినా నీళ్ళు తగ్గలేదు. "ఒకన్ని దించండప్పా, శానా పొద్దయింది!" అని అంగళ్ళ వాళ్ళు అరుస్తున్నారు. ఓబులేసు అంగీ విప్పబోయాడు. అప్పుడు మోరీ లోపలి నుంచి ఆ చప్పుడు వచ్చింది. నాలుగు నములుళ్ళు, ఒక మింగుడు, నిశ్శబ్దం. ఓబులేసు చెయ్యి అట్లే ఆగిపోయింది. అతనూ విన్నాడు. బాషా సారు నీళ్ళలోకి దిగి వచ్చి, ఎవరూ దిగేది లేదు, కొక్కెమే వేయండి అన్నారు. ఇంకా పన్నెండు, పదమూడు సార్లు వేసి ఉంటాం. చివరికి పరుపంత ముద్ద ఒకటి ఊడి వచ్చింది. నీళ్ళు సుడి తిరిగి కిందికి దిగాయి. చప్పుడు ఆగింది.

పలచటి సరుకంతా పట్టుబడకుండా బజారులోనే ఉండి ఉంటే ఆ రోజు కొక్కెం చాలేది కాదు. మా తీర్మానం నిలబడి ఉంటే కొక్కెం అవసరమే వచ్చేది కాదేమో. ఈ రెండు మాటలూ నిజమే. నేను నేర్చుకున్నది మాత్రం పనికి సంబంధించినది. సంచిని కొలిచే ముందు నోరు విప్పి ఒక్క పొర పెట్టాలి. చెయ్యి ఒకటి చెప్పి, ముల్లు ఇంకొకటి చెబితే, పెట్టిన పద్ధతిని మళ్ళీ చూసుకోవాలి. పై ఉత్తర్వు మన చేతులు ఎంతవరకు కట్టిందో పూర్తిగా చదివించుకుని, కట్టకుండా వదిలిన వేలు ఉంటే దానితో పని చేయాలి. కొత్తగా వచ్చే మేస్త్రీలకు నేను చెప్పేది ఇంతే. దొడ్డి ఇప్పుడు ఖాళీగా, తలుపు తెరిచే ఉంటుంది. ఎంత ఎండ కాసినా ఆవులు మాత్రం గడప దాటవు.